కంప్యూటరు స్మృతిలో గోడలు
తొలినాటి కంప్యూటరులో ఒక్కసారికి ఒక్కరి ప్రోగ్రామే నడిచెడిది. తప్పున్నచో నష్టము వారికే. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థయందు కోర్బాటో బృందము సి.టి.ఎస్.ఎస్. అను పద్ధతితో ఒకే యంత్రమును పలువురికి పంచినది. చిక్కు అక్కడనే. అందరిని నడిపించు పర్యవేక్షక ప్రోగ్రాము ఉన్నచోట ఒకరి ప్రోగ్రాము పొరపాటున ఒక్క అంకె వ్రాసినను అందరి పనియు చెడును. హితబోధ ప్రోగ్రామునకు ఎక్కదు గదా! అందుచే తరువాత ఐ.బి.ఎం. 7094 యంత్రమునకు ఒక్కొక్కటి 32,768 పదములు పట్టు స్మృతిభాగములు రెండు అమర్చి, ఒకటి పర్యవేక్షకమునకే కేటాయించిరి. ప్రోగ్రాము వాడు ప్రతి చిరునామాను యంత్రమే హద్దు రిజిస్టర్లతో సరిచూచును. హద్దు దాటినచో ప్రోగ్రామును ఆపి పర్యవేక్షకమునకు అప్పగించును.

అయితే పర్యవేక్షకములోనే తప్పున్నచో? అచ్చట లోగోడలు లేవు. 1965లో ఆరంభమైన మల్టిక్స్ కోటకు వలె ఒకదానిలో ఒకటిగా రక్షణవలయములు కట్టినది. 1973 నాటి హనీవెల్ 6180లో అవి ఎనిమిది. కావలి కాచునది హార్డ్‌వేరే.