సంగమం విడిచిన సంగమేశ్వరుడు: అలంపుర తీర్థచరిత్ర

శనివారం తెల్లవారుజామున మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల నుండి బయలుదేరిన కార్లు అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ చేరి 44వ జాతీయ రహదారిని అందుకుంటాయి. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట గడిచిన తరువాత బీచుపల్లి ఆంజనేయస్వామి సన్నిధిలో కృష్ణానదిపై వంతెన వస్తుంది. నిమిషం గడవక ముందే నది దాటిపోతుంది. అక్కడి నుండి తుంగభద్ర వరకు ఉన్న భూమికి నడిగడ్డ అని పేరు. రెండు నదుల నడుమ ఉన్న గడ్డ కనుక ఆ పేరు సార్థకం. అలంపురం చౌరస్తా వద్ద రహదారిని విడిచిన యాత్రికుడు మరికొంత సేపటికే జోగులాంబ ఆలయ ప్రాంగణంలో నిలుస్తాడు. హైటెక్ సిటీ నుండి రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరం నాలుగైదు గంటలలో ముగుస్తుంది. ఉదయం దర్శనం, మధ్యాహ్నం కర్నూలులో భోజనం, రాత్రికి ఇల్లు.

ఈ యాత్రలో ఒక లోపం ఉన్నది. అది చాలామంది దృష్టికి రాదు. నదీతీర క్షేత్రానికి వచ్చిన వ్యక్తికి నది కనబడదు. ఆలయాలకు, తుంగభద్రకు నడుమ ఎత్తైన రక్షణకుడ్యం అడ్డుగా నిలిచి ఉన్నది. మెట్లెక్కి ఆ వైపునకు చూసినవానికే నీరు గోచరిస్తుంది. ఎక్కనివాడు నవబ్రహ్మాలయాలు చూసి, చిత్రాలు తీసుకొని, నదిని చూడకుండానే మరలిపోతాడు.

తీర్థమనే పదం తౄ ధాతువు నుండి పుట్టినది. దాటడం దాని అర్థం. నదిని కాలినడకన దాటగలిగే రేవు తొలుత తీర్థం. ఆ రేవు దగ్గర స్నానం, స్నానం తరువాత దేవతార్చన, అర్చనకు ఆలయం, ఆలయానికి ఊరు, ఈ క్రమంలో క్షేత్రం ఏర్పడుతుంది. అమరసింహుడు తీర్థ శబ్దానికి జలావతారంతో పాటు శాస్త్రమని, గురువని కూడా అర్థాలు చెప్పాడు. దాటించేవన్నీ తీర్థాలే. మహాభారత వనపర్వంలోని తీర్థయాత్రా పర్వం ఈ భావాన్ని ఇంకొక దిక్కునకు నడిపింది. యజ్ఞాలకు ధనం, సంభారాలు కావలెను గనుక అవి దరిద్రునికి అందవు. తీర్థయాత్ర అందరికీ అందుతుంది. అయితే కాళ్లు, చేతులు, మనస్సు నిగ్రహంలో ఉన్నవానికే దాని ఫలం, అని అక్కడి బోధ. దూరం ముఖ్యం కాదని ఆ గ్రంథం అనలేదు. నడక ఆనాడు ఆ నిగ్రహానికి సాధనం.

నడక అంటే ఏమిటో తెలుగువారికి తెలిపిన గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉన్న ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. శ్రీశైలం దర్శించి, కృష్ణను దాటి, హైదరాబాదు మీదుగా ఉత్తరాపథానికి సాగిన ఆ ప్రయాణంలో రేవులు, పుట్టెలు, సత్రాలు, నీటి రుచి, ధాన్యపు ధర అన్నీ నమోదైనవి. పల్లకీ, డేరాలు, పరివారం గల సంపన్నుడైనా నది దగ్గర ఆయన ఆగవలసినదే. నది ఎప్పుడు దారి ఇస్తే అప్పుడే ప్రయాణం. బీచుపల్లి వంతెన మీద ఆగవలసిన అవసరం ఎవరికీ లేదు.

అలంపురానికి ఆలయనగరం అనే రూపం ఇచ్చినవారు బాదామి చాళుక్యులు. క్రీస్తుశకం ఏడవ శతాబ్దంలో ఆరంభమైన ఈ నిర్మాణం ఎనిమిదవ శతాబ్దంలోకి సాగింది. స్వర్గబ్రహ్మాలయంలోని శాసనం వినయాదిత్యుని కాలానిది. ఆయన పాలన 681 నుండి 696 వరకు. ఆ తరువాత విజయాదిత్యుని కాలంలో, 713లో, ఈశానాచార్యస్వామి రాజాజ్ఞానుసారం ప్రాకారం కట్టించినట్లు మరొక శాసనం చెబుతున్నది. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మల పేర్లు విన్నవారు ఇవి చతుర్ముఖుని ఆలయాలని భ్రమపడతారు. తొమ్మిదీ శివాలయాలే. రససిద్ధుడనే యోగి శివానుగ్రహంతో రసవిద్య సాధించి ఈ ఆలయాలు నిర్మించాడని స్థలపురాణ కథ. ఆ పేర్లలో ఓషధుల సంకేతాలున్నవని కొందరు పండితుల ఊహ. సద్యోజాతాది పంచమంత్రాలను శైవులు పంచబ్రహ్మలని వ్యవహరించడం గుర్తు తెచ్చుకుంటే, శివునికి బ్రహ్మ శబ్దం అంటడంలో వింత లేదు. ఆ తొమ్మిది సంఖ్యను మాత్రం అది వివరించదు.

దక్షిణదేశంలో ఉండి కూడా ఈ ఆలయాలలో అధికభాగం ఉత్తరాది రేఖానాగర శిఖరాలను ధరించినవి. పైన ఆమలకం, నాలుగు వైపుల లోనికి వంగుతూ ఎక్కే గీతలు, గర్భగృహం చుట్టూ కప్పు కిందనే ప్రదక్షిణ మార్గం ఉంటాయి. వినయాదిత్య విజయాదిత్యుల ఉత్తరదిగ్విజయంలో గంగాయమునల చిహ్నాలు చాళుక్యులకు లభించినవని వారి శాసనాలు ఘోషిస్తాయి. ఆలయద్వారం వద్ద మకరవాహనయై గంగ, కూర్మవాహనయై యమున నిలిచే సంప్రదాయం ఆ యుగానిది. లోనికి పోవడమంటే రెండు నదులను దాటి పోవడం. కృష్ణా తుంగభద్రల నడుమ కట్టిన ఆలయాలకు ఈ భావన ఎంత సహజమో వేరే చెప్పనక్కరలేదు. శ్రీశైలానికి త్రిపురాంతకం తూర్పు ద్వారం, సిద్ధవటం దక్షిణ ద్వారం, ఉమామహేశ్వరం ఉత్తర ద్వారం కాగా అలంపురం పశ్చిమ ద్వారం. ఇక్కడివరకు వచ్చినవాడు నదీప్రవాహం వెంట కొండ చేరేవాడు.

అలంపురంలో స్థానం మారిన దేవతలలో మొదటిది జోగులాంబ. అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటిగా పరిగణన పొందే ఈ పీఠం యొక్క ఆలయం పద్నాలుగవ శతాబ్దపు దండయాత్రలో ధ్వంసమైనదని స్థానిక సంప్రదాయం. అమ్మవారి మూర్తి బాలబ్రహ్మేశ్వరాలయంలో ఆశ్రయం పొంది, సుమారు ఆరు శతాబ్దాలు అక్కడనే పూజలందుకొన్నది. 2005లో పూర్వస్థలమని భావించే చోట నూతనాలయంలో పునఃప్రతిష్ఠ జరిగినది. అన్ని శతాబ్దాలు ఒక చిన్న భాగంలో ఉన్న దేవతను ఎవ్వరూ శరణార్థి అనుకోలేదు. ఆమె ఉన్న చోటే పీఠం.

ఆగమశాస్త్రం ఈ స్థితిని ముందుగానే ఊహించినది. ఆలయం జీర్ణమై ఉద్ధరణ అవసరమైనప్పుడు, మూర్తిలోని దైవకళను మంత్రపూర్వకంగా ఆకర్షించి కుంభజలంలో నిలుపుతారు. దీనికి కళాకర్షణ అని పేరు. పని ముగిసేవరకు బాలాలయంలో అర్చన. ముగిసిన తరువాత ఆ కళను తిరిగి మూర్తిలోనికి ఆవాహన చేస్తారు. శిల నుండి శిలకు పోయే దారిలో దైవం కొంతకాలం నీటిలో నివసిస్తుంది. శిలకంటె జలం ముందని ఈ విధిలోనే అంతర్గతంగా ఒక ఒప్పుదల ఉన్నది.

రెండవ స్థానచలనానికి కారణం దండయాత్ర కాదు. 1963 జూలైలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలం జలవిద్యుత్ పథకానికి శంకుస్థాపన చేశాడు. ఆనకట్ట పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టానికి నీరు నిలిస్తే కృష్ణా తుంగభద్రల లోయలో ఎంతో దూరం మునుగుతుంది. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలో వందకు పైగా గ్రామాలు ఖాళీ కావలసివచ్చినవి. 1981 వేసవిలో ఆ తొలగింపు ఉధృతమైనది. మునిగేవానిలో కృష్ణా తుంగభద్రల సంగమం మీద ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం ఒకటి. ఊరి పేరులోనే కూడిక వినిపిస్తుంది. అలంపురానికి సమీపంలో పాపనాశనంలోని ఇరవైకి పైగా చిన్న ఆలయాలకు కూడ అదే గతి పట్టింది. మెట్లు మెట్లుగా పైకి పోయే వాటి శిఖరాలు నవబ్రహ్మాలయాల రేఖాశిఖరాలకు పూర్తిగా భిన్నం.

పురావస్తు శాఖల వారు ఈ ఆలయాలను విప్పారు. ప్రతి శిలకు అంకె వేసి, చిత్రపటాలలో స్థానం గుర్తించి, వరుస తప్పకుండా కిందికి దించి, అలంపుర పరిసరాలలో కొత్త పునాదులపై అదే వరుసలో తిరిగి పేర్చారు. సున్నం లేకుండా రాయి మీద రాయి బరువుతో నిలిచే చాళుక్య నిర్మాణపద్ధతి వల్లనే ఈ పని సాధ్యమైనది. ఈనాడు యాత్రికుడు చూసే కూడవెల్లి సంగమేశ్వరాలయం ఆ విధంగా వచ్చినదే. ఆ పనివారి శ్రద్ధ ప్రశంసార్హం. అందులో సందేహం లేదు. కాని శిలలకు వేసిన అంకెలు ఊళ్లకు వేయలేదు. కూడవెల్లిలో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండెనో, ఏ రేవులో ఎవరు స్నానం చేసేవారో, ఉత్సవంలో ఎవరి భుజం ఏ వైపు పల్లకీ మోసేదో గుర్తించి తిరిగి పేర్చిన చిత్రపటం లేదు. నష్టపరిహారంతో కుటుంబాలు చెల్లాచెదరైనవి.

సంగమేశ్వరుడు వచ్చాడు, సంగమం రాలేదు. నామం ఉన్నది, రూపం ఉన్నది, ఆ నామానికి హేతువైన రెండు నదుల కలయిక మాత్రం జలాశయగర్భంలో ఉండిపోయినది. వేదాంతులు నామరూపాలను ఉపాధులుగా నిరూపించి, వాటి వెనుక నిలిచేదానిని వెదకమంటారు. ఇచ్చట వెదకేవానికి దొరికేది నీరే. సర్వవ్యాపికి సంగమంతో పనేమిటని అడిగేవారికి సమాధానం కష్టం కాదు: పని శివునికి కాదు, స్నానం చేసేవానికి. క్షేత్రాన్ని బండ్ల మీద తరలించవచ్చు, తీర్థాన్ని తరలించడం సాధ్యం కాదు. తీర్థక్షేత్రమని ఒకే సమాసంగా పలికే పదంలో ఇవి రెండు వేర్వేరు వస్తువులని అలంపురంలో స్పష్టపడినంతగా మరెక్కడా స్పష్టపడదు.

నవబ్రహ్మాలయాలను కదపలేదు, వాటి చుట్టూ కుడ్యం కట్టారు. యాత్రికునికి నది కనబడకపోవడానికి కారణం అదే. 2009 అక్టోబరు ఆరంభంలో తుంగభద్ర, కృష్ణ రెండూ అపూర్వంగా పొంగినప్పుడు కర్నూలు నగరంతో పాటు అలంపురం కూడ మునిగినది. జోగులాంబ సన్నిధిలోనికి నీరు వచ్చినది. కుడ్యం నిత్యం వచ్చే నీటిని ఆపగలదు. నది తలచుకున్న నాడు ఆపలేకపోయినది.

ఈ పట్టణం కేవలం శిలాసంపద వల్ల ప్రసిద్ధం కాలేదు. గడియారం రామకృష్ణశర్మ ఇక్కడి పండితుడు. శాసనాలు చదివి, ఆలయచరిత్ర వెలికితీసి, ముంపు కాలంలో వాటి రక్షణకై శ్రమించినవాడు. ఆయన ఆత్మకథ శతపత్రానికి మరణానంతరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరిగినప్పుడు ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆ సభలలోనే కాళోజీ నా గొడవను శ్రీశ్రీ ఆవిష్కరించాడు. అద్వైతాన్ని ఆంగ్లంలో ప్రపంచానికి వివరించిన దార్శనికుడు, ఆస్తికతతో పేచీ పెట్టుకొన్న కవి ఒకే చిన్న ఊరిలో ఒకే సభలకు అతిథులు. వసతిగృహాలు లేని ఆ ఊరు వారికి ఇళ్లలో చోటిచ్చి ఉంటుంది. వారెవ్వరికీ కుడ్యం అడ్డు రాలేదు. అప్పటికి నది ఎదురుగానే ఉన్నది.

1998 నవంబరులో ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించాడు. ఆ ప్రాంతానికి అంతవరకు జలసంబంధమైన కీర్తి ఏదైనా ఉంటే అది గోల్కొండ కోటకు మంచినీరు అందించిన దుర్గం చెరువుది. నగరం పెరిగిన కొలది చెరువులు చాలలేదు. 2004లో కృష్ణాజలాల మొదటి దశ నగరానికి చేరినది. 2008లో రెండవది, 2015లో మూడవది వచ్చినవి. ఆ నీరు నాగార్జునసాగర్ జలాశయం నుండి ఎత్తిపోతల ద్వారా అక్కంపల్లి చేరి, శుద్ధి పొంది, గొట్టాలలో నగరానికి వస్తుంది. సాగర్‌కు పైన శ్రీశైలం, శ్రీశైలానికి పైన మునిగిన కూడవెల్లి, కూడవెల్లికి పైన అలంపుర స్నానఘట్టం. ఈ వరుస చిత్రపటంలో గీసి చూపదగినది. మంజీర, గోదావరి జలాలు కూడ నగరానికి వస్తున్నవి గనుక ప్రతి గ్లాసులోనూ తుంగభద్ర ఉన్నదనడం అతిశయోక్తి అవుతుంది. అయినా నగరపు దాహంలో ఆమె వంతు చిన్నది కాదు. శ్రీశైలం కుడిగట్టున 770, ఎడమగట్టు భూగర్భంలో 900 మెగావాట్ల సామర్థ్యం గల కేంద్రాలున్నవి. ఆ గాజుభవనాల దీపాలు వెలిగే విద్యుత్ జాలంలోనికే వాటి ఉత్పత్తి కూడ చేరుతుంది. శనివారం నాడు యాత్రికుడు అలంపురానికి వెళ్లక పూర్వమే, తరలిన ఆ సంగమం వేరే రూపంలో అతని ఇంటికి వచ్చి ఉన్నది. తల మీద ఆ నీరు చల్లుకుంటున్నప్పుడు స్నానసంకల్పంలో నదుల పేర్లు పలికే పెద్దలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నారు. ఏ నీటికైనా గంగాది నామాలు ఆవాహన చేయమన్న పూర్వాచారం వారికి దారి చూపినది.

తరలించని ఆలయం కూడ ఒకటి ఆ జలాశయంలో ఉన్నది. కూడవెల్లికి దిగువన, కృష్ణలో భవనాసి కలిసే సప్తనదీ సంగమంలోని సంగమేశ్వరం. ఇచ్చటి లింగం వేపదారువు. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాసి అని ఏడు పేర్లు చెబుతారు. వర్షాకాలంలో నీరు పెరిగి ప్రాకారం, మండపం, శిఖరం వరుసగా మునుగుతాయి. నీరు శిఖరాన్ని చేరే రోజున అర్చకుడు పడవలో వెళ్లి శిఖరానికి హారతి ఇచ్చి వస్తాడు. ఫాల్గుణ చైత్రాలలో జలాశయం తగ్గి గర్భగృహం బయటపడితే, పేరుకొన్న ఒండ్రుమట్టిని ఎత్తిపోసి, లింగాన్ని కడిగి, నిత్యపూజ తిరిగి మొదలు పెడతాడు.