రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ: అమెరికాలో మెకానికల్ ఇంజనీరింగ్‌కు కమ్యూనిటీ కాలేజీ దారి

అమెరికాలో మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీ నాలుగేళ్ల చదువు. అందులో మొదటి రెండేళ్లు ఇంటికి దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో పూర్తిచేసి, మూడో ఏడాదికి యూనివర్సిటీలో చేరడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. ఫీజు తక్కువ, ఎంట్రన్స్ పోటీ లేదు, ఉద్యోగం చేసుకుంటూ కూడా చదవొచ్చు. ఈ ఏర్పాటుకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆర్ట్స్ విద్యార్థులకు ఈ దారి తొందరగానే సుగమమైంది. ఇంజనీరింగ్ విద్యార్థులకు మాత్రం ప్రతి తరంలోనూ కొత్త చిక్కు వచ్చిపడుతూనే ఉంది.

ఆలోచన షికాగోలో పుట్టింది. 1892లో అక్కడి యూనివర్సిటీలో పాఠాలు మొదలైనప్పుడు తొలి అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ డిగ్రీ చదువును రెండు భాగాలు చేశారు. మొదటి రెండేళ్లు హైస్కూలు చదువుకు కొనసాగింపేననీ, యూనివర్సిటీ అసలు పని ఆ తర్వాతే మొదలవుతుందనీ ఆయన అభిప్రాయం. అలాగైతే ఆ రెండేళ్లూ యూనివర్సిటీలోనే చెప్పాలన్న నియమం అక్కర్లేదు. షికాగోకు దగ్గరలోని జోలియట్ పట్టణంలో హైస్కూలు నడుపుతున్న జె. స్టాన్లీ బ్రౌన్, హార్పర్ ప్రోత్సాహంతో 1901లో ఆరుగురు విద్యార్థులతో పై తరగతులు ప్రారంభించారు. నేటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అదే అన్నిటికన్నా పాతది. అప్పట్లో వీటిని జూనియర్ కాలేజీలనేవారు. మన ఇంటర్మీడియట్ కాలేజీలు వేరు, ఇవి చెప్పింది డిగ్రీలో తొలి సగం.

ఆలోచన షికాగోదైనా దానికి చట్టరూపం ఇచ్చింది కాలిఫోర్నియా. యూనివర్సిటీ బర్క్‌లీలో ఉంటే, సెంట్రల్ వ్యాలీ రైతుల పిల్లలు వందల మైళ్లు వెళ్లి అక్కడ గది తీసుకుని చదవాలి. హైస్కూళ్లే కాలేజీ మొదటి రెండేళ్ల పాఠాలు చెప్పవచ్చని 1907లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. 1910లో ఆ వ్యాలీలోని ఫ్రెస్నో పట్టణం అందుకు ముందుకొచ్చింది. బర్క్‌లీలో విద్యాశాస్త్ర ఆచార్యుడు అలెక్సిస్ లాంగ్ ఈ కాలేజీల తరఫున గట్టిగా నిలబడ్డారు. తమ స్థాయి తగ్గుతుందని భయపడకుండా ఒక పెద్ద యూనివర్సిటీ చిన్న ఊళ్ల కాలేజీలకు చేయూతనివ్వడం విశేషమే. ఆ మద్దతు లేకపోతే ఈ వ్యవస్థ మొలకలోనే ఎండిపోయేది.

ఇదే కాలంలో మెకానికల్ ఇంజనీర్ తయారయ్యే చోటు కూడా మారుతూ వచ్చింది. 19వ శతాబ్దంలో చాలామంది మెషిన్ షాపుల్లో పని నేర్చుకుని ఇంజనీర్లయ్యారు. వ్యవసాయంతోపాటు యంత్రవిద్యను నేర్పే కాలేజీలకు భూములిస్తూ 1862లో మోరిల్ చట్టం వచ్చాక చదువు క్రమంగా తరగతి గదిలోకి చేరింది. అయినా చాలాకాలం డ్రాయింగ్, పోత పని, కొలిమి పని, లేత్ పని పాఠ్యక్రమంలో పెద్ద భాగంగానే ఉండేవి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విద్యార్థుల వరద వచ్చింది. సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వమే భరించేలా వచ్చిన 1944 నాటి జీఐ బిల్లు పుణ్యమా అని ఇరవై లక్షలకు పైగా మాజీ సైనికులు కాలేజీల్లో చేరారు. యుద్ధంలో ఇంజన్లు విప్పి బిగించిన కుర్రాళ్లలో ఇంజనీరింగ్ ఆశ సహజంగానే బలంగా ఉండేది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన కమిషన్ ఊరూరా ఇలాంటి కాలేజీలుండాలని సిఫారసు చేసింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు జనంలోకి వెళ్లింది అప్పుడే.

ఇంజనీరింగ్ ట్రాన్స్‌ఫర్ స్వరూపాన్ని నిజంగా మార్చింది మాత్రం 1955లో ఇంజనీరింగ్ విద్యపై గ్రింటర్ కమిటీ ఇచ్చిన నివేదిక. వర్క్‌షాపు నైపుణ్యాల కన్నా గణితం, భౌతికశాస్త్రం, ఘనపదార్థాల మెకానిక్స్, ద్రవాల మెకానిక్స్, థర్మోడైనమిక్స్ వంటి మూలశాస్త్రాలే ఇంజనీరుకు పునాది కావాలని ఆ కమిటీ చెప్పింది. రెండేళ్లకు సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరడంతో ఆ వాదనకు ఎదురులేకుండా పోయింది. ఫలితంగా కమ్యూనిటీ కాలేజీలో ఇంజనీరింగ్ రెండు పాయలైంది. ఒకటి టెక్నీషియన్ చదువు. చేతి పని ఎక్కువ, రెండేళ్లకే ఉద్యోగం. రెండోది కాల్క్యులస్ మీద ఆధారపడిన ట్రాన్స్‌ఫర్ చదువు. లేత్ మీద చెయ్యి తిరిగిన విద్యార్థి తర్వాత మనసు మార్చుకుని డిగ్రీకి వెళ్లాలంటే అతను చదివిన కోర్సుల్లో చాలా వాటిని యూనివర్సిటీ లెక్కలోకి తీసుకోదు. పేద ఇళ్ల పిల్లలకు ఈ విభజన వల్ల జరిగిన నష్టం మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

1960లో కాలిఫోర్నియా ఉన్నత విద్య కోసం తెచ్చిన మాస్టర్ ప్లాన్ ట్రాన్స్‌ఫర్‌ను ఒక హక్కు స్థాయికి తీసుకెళ్లింది. ప్రభుత్వ యూనివర్సిటీల డిగ్రీ విద్యార్థుల్లో 60 శాతం మూడు, నాలుగు సంవత్సరాల వాళ్లే ఉండేలా చూడాలని అందులో రాశారు. అంటే జూనియర్ కాలేజీ నుంచి వచ్చేవాళ్ల కోసం సీట్లు ముందే అట్టేపెట్టినట్టు. ఫ్లోరిడా ఇంకో అడుగు వేసి, 1964లో మూడో ఏడాది నుంచి మాత్రమే చదువు చెప్పే ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీని తెరిచింది. లోపాలు చూపినవాళ్లూ ఉన్నారు. ట్రాన్స్‌ఫర్ ఆశతో చేరిన చాలామందిని ఈ కాలేజీలు నెమ్మదిగా బుజ్జగించి చిన్న చదువులకు మళ్లిస్తున్నాయని శాన్ హోసే కాలేజీని అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త బర్టన్ క్లార్క్ 1960లోనే రాశారు. యూనివర్సిటీలో అడుగుపెట్టిన మొదటి టర్మ్‌లో మార్కులు పడిపోవడాన్ని పరిశోధకుడు జాన్ హిల్స్ 1965లో ట్రాన్స్‌ఫర్ షాక్ అన్నారు.

మెకానికల్ విద్యార్థి కష్టం ఎక్కడుందో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. మొదటి కాల్క్యులస్ పాసయితే గానీ మెకానిక్స్ ఫిజిక్స్‌లో కూర్చోనివ్వరు. అది అయితే గానీ స్టాటిక్స్ లేదు. స్టాటిక్స్ లేనిదే డైనమిక్స్ లేదు, పదార్థాల బలం గురించిన కోర్సూ లేదు. చిన్న కాలేజీలో స్టాటిక్స్ ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే చెబుతారు, విద్యార్థులు చాలకపోతే అదీ రద్దవుతుంది. కాల్క్యులస్‌కు సిద్ధం కావడానికే ఆల్జీబ్రా, ట్రిగొనామెట్రీ తిరిగి చదవాల్సివచ్చిన విద్యార్థికి రెండేళ్ల చదువు మూడు, నాలుగేళ్లవుతుంది. పాలిటెక్నిక్ డిప్లొమాతో ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే తెలుగు విద్యార్థికి ఈ గొడవ ఉండదు, అతని డిప్లొమా మొత్తాన్నీ ఒక్కటిగా గుర్తిస్తారు. అమెరికాలో ఒక్కో కోర్సునూ విడివిడిగా తూచి క్రెడిట్ ఇస్తారు.

అందుకే కాలేజీల మధ్య రాతపూర్వక ఒప్పందాలకు అంత ప్రాధాన్యం. ఫ్లోరిడాలో రాష్ట్రమంతటికీ వర్తించే ఒప్పందం 1971లో కుదిరింది. కాలిఫోర్నియాలో ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీ కోర్సుకు సమానమో చూపించే అసిస్ట్ అనే వ్యవస్థ 1985లో మొదలైంది. అంతకుముందు విద్యార్థికి చాలావరకు కౌన్సెలర్ మాటే ఆధారం.

ఈ దారి ఎంత దూరం తీసుకెళ్లగలదో ఆడమ్ స్టెల్ట్‌నర్ జీవితం చెబుతుంది. హైస్కూల్లో లెక్కలు సరిగా చదవని ఆయన రాక్ బ్యాండ్‌లలో బాస్ గిటార్ వాయించేవారు. రాత్రిపూట ఇంటికి వస్తూ ఆకాశంలో ఓరియన్ నక్షత్రాల గుంపు చోటు మారడం గమనించి, సంగతేమిటో తెలుసుకుందామని కాలేజ్ ఆఫ్ మారిన్ అనే కమ్యూనిటీ కాలేజీలో చేరారు. ఖగోళశాస్త్రం కోసం వెళ్లిన మనిషి ఫిజిక్స్‌లో పడ్డారు. అక్కడి నుంచి డేవిస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు వెళ్లి 1990లో మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకున్నారు. 2012 ఆగస్టులో నాసా క్యూరియాసిటీ రోవర్‌ను తాళ్లతో అంగారకుడి నేల మీదికి దించిన బృందానికి నాయకుడు ఆయనే. రెండో అవకాశం దొరక్కపోతే ఇలాంటి ప్రతిభ వెలికి వచ్చేదే కాదు.

2010లో కాలిఫోర్నియా 60 యూనిట్లతో ట్రాన్స్‌ఫర్ కోసమే ప్రత్యేక అసోసియేట్ డిగ్రీ తెచ్చింది. దాన్ని పూర్తిచేసినవారికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. మంచి చట్టమే. కానీ ఇంజనీరింగ్ అందులో ఇమడలేదు. గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంజనీరింగ్ పునాది కోర్సులకే ఆ యూనిట్లలో చాలా భాగం పోతుంది, వాటికి జనరల్ సబ్జెక్టులు కలిపితే లెక్క 60 దాటిపోతుంది. పైగా యూనివర్సిటీలన్నీ ఒకే కోర్సులు అడగవు. ఒకచోట డైనమిక్స్ తప్పనిసరి, ఇంకోచోట ఫలానా ప్రోగ్రామింగ్ భాషే కావాలంటారు. కాబట్టి మెకానికల్‌కు వెళ్లదలచినవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే మూడు నాలుగు యూనివర్సిటీలను ఎంచుకుని, ఒక్కోదాని ఒప్పందాన్నీ ముందు పెట్టుకుని, వాటన్నిటికీ పనికొచ్చే కోర్సుల జాబితా తామే తయారుచేసుకోవాల్సివస్తోంది.