స్త్రీధనము: స్మృతులనుండి వీలునామా వఱకు



మన సంఘమునందు సంబంధములు మాటలాడుకొనునపుడు పెద్దలనోట స్త్రీధనమను మాట తఱచుగా వినవచ్చుచుండును. విచారించి చూచిన, వారు చెప్పునది వరకట్నము. వరునిచేత బెట్టినది స్త్రీధనము కానేరదు. వధువునకిచ్చి, ఆమె స్వాధీనమున నిలిచినదే స్త్రీధనము. ఈ భేదము మఱచిన యిండ్లలో దంపతులు వేఱుపడిననాడు, లేక వారిలో నొకరు గతించిననాడు, ఏది యెవరిదో తేల్పగలవారుండరు. కావున నీ శబ్దము నడచివచ్చిన త్రోవను కొంత విన్నవించెదను.

భార్యకు స్వధనము లేదను వచనము మనుస్మృతియందున్నమాట నిజము. అయినను ఆ స్మృతియే తొమ్మిదవ యధ్యాయమున ఆఱు విధములైన స్త్రీధనమును లెక్కించినది. అగ్నిసన్నిధి నిచ్చినది, అత్తవారింటికి బోవునపు డిచ్చినది, ప్రీతితో నిచ్చినది, అన్నదమ్ములిచ్చినది, తల్లి యిచ్చినది, తండ్రి యిచ్చినది. మొదటి వచనము నోటికి వచ్చినవారికి రెండవది రాకుండుట నాకెప్పుడును వింతగనే తోచును. బంధువులు వాత్సల్యముచే నిచ్చిన సౌదాయికమును అమ్ముకొనుటకు సైతము స్త్రీకి స్వాతంత్ర్యము కలదని కాత్యాయనుడు చెప్పెను. కఱవు, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము అను నీ నాలుగు సందర్భములలో మాత్రమే భర్త దానిని గైకొని మరల నీయకున్నను దోషము లేదని యాజ్ఞవల్క్యుని నిర్ణయము.

ఆ స్మృతియందే ఆధివేదనికమను నొక విధి కలదు. భార్య యుండగా మఱియొకతెను బెండ్లాడినవాడు, ఆ రెండవ వివాహమునకు వ్యయించిన ధనముతో సమానమైన మొత్తమును మొదటి భార్యకీయవలెను. ఆమెకు మున్నే స్త్రీధన మిచ్చియున్నచో అందు సగ మీయవలెను. బహుభార్యాత్వమును సమ్మతించిన కాలమున గూడ విడువబడిన యిల్లాలి చేతికి ధనము చేరవలెనన్న యెఱుక శాస్త్రకారులకుండెను.

పండ్రెండవ శతాబ్ది ప్రాంతమున కల్యాణపురమున వెలసిన మితాక్షరయందు విజ్ఞానేశ్వరుడు ఈ పరిధిని మిక్కిలి విస్తరింపజేసెను. వారసత్వముచే వచ్చినది, క్రయముచే వచ్చినది, విభాగమున వచ్చినది యంతయు స్త్రీధనమే యని యాతని వ్యాఖ్య. పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర నీ గ్రంథమును తెనిగించుటచే, ధర్మశాస్త్రము తెలుగున జదువుకొను భాగ్యము మనకు గలిగెను.

అంత విశాలమైన వ్యాఖ్యను లండనునందలి ప్రీవీ కౌన్సిలు 1866, 1867 సంవత్సరముల తీర్పులలో సంకుచితము గావించినది. భర్తనుండి సంక్రమించిన యాస్తి విధవకు స్త్రీధనము కాదనిరి. అంతకు మున్నే, 1861లో, మచిలీపట్టణపు కలెక్టరు వ్యాజ్యమున, విధవ చేసిన యన్యాక్రాంతమును వారసులు లేనిచోట సర్కారు సైతము ప్రశ్నింపవచ్చునని తీర్మానించిరి. ఆమె హక్కునకు గల పరిమితి వారసుల రక్షణకొఱకే కాదు, ఆ హక్కులోనే యిమిడియున్నదట!

అయినను మన జనులు తమ యాచారమును విడువలేదు. ఆడుబిడ్డకు పసుపుకుంకుమల క్రింద నొక చెక్క భూమి నిచ్చుట తెలుగుసీమలో రూఢియైన పద్ధతి. పెక్కుచోట్ల కాగితము లేదు, నోటిమాటయే. చిక్కంతయు నందే యున్నది.

1937 నాటి చట్టము అవిభక్తకుటుంబమున విధవకు భర్తభాగము నిచ్చినను జీవితకాలమునకే పరిమితము చేసెను. 1946లో వేఱుగా నివసించుచు మనోవర్తి పొందు హక్కు వివాహితలకు గలిగెను. 1949లో మదరాసు రాజ్యము ద్వితీయవివాహమును నిషేధించి విడాకులకు దారి యిచ్చెను. అటుపిమ్మట 1956 జూన్ 17వ తేదీనుండి అమలైన హిందూ వారసత్వ చట్టముయొక్క 14వ సెక్షను, స్త్రీ స్వాధీనమందున్న యాస్తి ఆమెకు సంపూర్ణహక్కు గలదే యని చాటెను. దీని బలమును దెలిపినది మన తెలుగు ఇల్లాలి వ్యాజ్యమే. 1931లో భర్తను గోల్పోయిన తులసమ్మగారికి మనోవర్తికి బదులుగా 1949లో రాజీపై గొంత యాస్తి, జీవితకాలము ననుభవించుటకు మాత్రమే, లభించెను. ఆమె దాని నమ్మగా మఱది యాక్షేపించెను. 1977లో సుప్రీం కోర్టు ఆమె హక్కు సంపూర్ణమనియే తీర్పిచ్చెను. మనోవర్తి దయాదత్తము కాదు, హక్కు అని ఆ తీర్పున న్యాయమూర్తులు చేసిన చర్చ స్మృతివాక్యములపై నాధారపడినది.

కుమార్తెకు పిత్రార్జితమున భాగమను విషయమున ఆంధ్రప్రదేశము 1985 సెప్టెంబరు 5 మొదలు, అవివాహితలకు మాత్రము, ముందడుగు వేయగా, 2005లో దేశమంతట వివాహితలకును ఆ హక్కు గలిగెను.

ఇంత జరిగినను ఒక లోపము నిలిచియున్నది. సంతానమును భర్తయు లేని స్త్రీ వీలునామా లేక గతించిన, తల్లిదండ్రులనుండి వారసత్వముగా వచ్చినది పుట్టింటికి మరలును. కాని ఆమె స్వార్జితము మొదట భర్త వారసులకు బోవును. పసుపుకుంకుమల క్రింద దానముగా నిచ్చిన భూమి వారసత్వము కాదు గనుక అదియు నట్లే పోవును. పెండ్లియైన మూడునెలలకే విధవయై, అత్తవారిచే వెడలగొట్టబడి, పుట్టింట చదివి యుద్యోగము చేసిన యొక స్త్రీ కూడబెట్టిన ధనమంతయు భర్త సోదరి కుమారులకే చెందునని 2009లో సుప్రీం కోర్టు నిర్ణయించెను. ఆమె తల్లికి దక్కలేదు.

వేఱుపడిన దంపతుల సంగతియు నిట్టిదే. విడాకుల డిక్రీ లేనంతవఱకు, ఎన్నియేండ్లు వేఱుగా నున్నను, వారు పరస్పరము వారసులే. భార్య నగలు భర్తయొద్ద నున్నను అవి యామెవే, అతడు వానిని కాపాడువాడు మాత్రమే యని 1985 నాటి తీర్పు. కాని యేవి యామె నగలో చూపుటకు పట్టిక కావలెను. వీలునామాకు ఇద్దఱు సాక్షుల సంతకములు చాలును, రిజిస్ట్రేషను విధిగా లేదు. ఒకప్పుడు భార్యపేర వ్రాసిన వీలునామా విడాకులు పొందినంతమాత్రమున హిందువులలో రద్దు కాదు. వ్రాసినవారే దానిని మార్చుకొనవలెను.