దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు: ప్రహరీ లేని బోర్డింగ్ చదువు

మలక్‌పేట దాటాక విజయవాడ రోడ్డు మీద వరుసగా వచ్చే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్‌బీ నగర్ హైదరాబాద్ తూర్పు వైపున హాస్టళ్లకు పేరుపడ్డ పేటలు. పదో తరగతి పాసైన పిల్లలు ఇంటర్‌కీ, ఇంటర్ అయినవాళ్లు మెడిసిన్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కీ, డిగ్రీ పూర్తిచేసినవాళ్లు గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ వచ్చి ఇక్కడ దిగుతారు. బోర్డింగ్ స్కూలంటే చుట్టూ ప్రహరీ, లోపల ఆటస్థలం, ఒక మూల డైనింగ్ హాలు ఉన్న ఆవరణ మనసులో మెదులుతుంది. ఇక్కడి బోర్డింగ్ చదువుల్లో ఎక్కువ భాగానికి అలాంటి ఆవరణ లేదు. క్లాసు ఒక వీధిలో, మంచం ఇంకో వీధిలో, టిఫిను మూడో వీధి మలుపులో ఉంటాయి. ఎవరో కూర్చుని గీసిన ప్లాను ప్రకారం ఇది ఏర్పడలేదు. రోడ్డు, పరీక్షలు, ఇళ్ల యజమానుల అవసరం కలిసి నాలుగైదు దశాబ్దాల్లో దీన్ని తయారుచేశాయి.

ఇంటికి దూరంగా ఉండి చదువుకోవడం మాత్రం ఈ ప్రాంతానికి అంతకంటే చాలా పాతది. 1901లో విక్టోరియా రాణి మరణించాక, ఆమె జ్ఞాపకార్థం ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో సరూర్‌నగర్‌లోని రాజప్రాసాదంలో అనాథ పిల్లలకు ఆశ్రమం వెలిసింది. విక్టోరియా మెమోరియల్ హోమ్ అనే ఆ సంస్థలో పిల్లలకు తిండి, బస, చదువు ఒక్క కప్పు కిందే దొరికాయి. అప్పటికి చుట్టూ ఉన్నవి పొలాలూ, సరూర్‌నగర్ చెరువూ. నగరం దూరంగా ఉండేది. పాత అర్థంలో బోర్డింగ్ స్కూలు అనదగినది ఈ పేటల్లో ఇదే మొదటిది. విచిత్రమేమిటంటే, తర్వాత పక్కనే పుట్టుకొచ్చిన వందల హాస్టళ్లలో దేనికీ ఇది నమూనా కాలేదు.

అప్పటి హైదరాబాద్‌లో జిల్లాల తెలుగు పిల్లలకు చదువు దొరికినా తలదాచుకునే చోటు దొరికేది కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో పుట్టింది. తర్వాత నగర కొత్వాల్ అయిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి రెడ్డి హాస్టల్‌ను నెలకొల్పిందీ అదే ఏడాది. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు బసతో పాటు గ్రంథాలయం, తెలుగు పత్రికలు, తెలుగు మాట అక్కడ అందుబాటులోకి వచ్చాయి. సురవరం ప్రతాపరెడ్డి కొంతకాలం ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. 1926లో ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే. క్రమంగా ఇతర కులాల వారూ తమ పిల్లల కోసం హాస్టళ్లు పెట్టుకున్నారు. తెలంగాణలో చదువుకున్న తరం ఒకటి ఈ కుల వసతి గృహాల్లో తయారైందంటే అతిశయోక్తి కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ, హాస్టల్లో మళ్లీ తెలుగు: నల్గొండ, మహబూబ్‌నగర్ పిల్లవాడికి హైదరాబాద్ ఇంచుమించు పరదేశమే.

ధనవంతుల దారి వేరు. జాగీర్దారుల కొడుకుల కోసం 1923లో బేగంపేటలో జాగీర్దార్స్ కాలేజీ పెట్టారు. దానికి ఇంగ్లండులోని ఈటన్ ఆదర్శం. జాగీర్లు రద్దయ్యాక 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారి, ఫీజు కట్టగల ఇతరులకూ తలుపులు తెరిచింది. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషీవ్యాలీ ఇంకో తరహా. వీటిలో సీటు దొరకడం సామాన్య రైతు ఊహకు కూడా అందని విషయం.

రైతు ఇంటి పిల్లవాడికి బోర్డింగ్ చదువు అందుబాటులోకి తెచ్చింది ప్రభుత్వం. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. సర్వేల్ చౌటుప్పల్ పక్కన, అంటే ఎల్‌బీ నగర్ మీదుగా పోయే రోడ్డుకు దగ్గర్లోనే ఉంది. ఆంధ్ర ప్రాంతానికి గుంటూరు జిల్లా తాడికొండ, రాయలసీమకు అనంతపురం జిల్లా కొడిగెనహళ్లి ఇదే కోవలో వచ్చాయి. పోటీ పరీక్షలో నెగ్గితే చాలు, భోజనం, బస, పాఠం అన్నీ ఉచితం. పి.వి. కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు దేశమంతటా వచ్చిన నవోదయ విద్యాలయాలకు ఈ అనుభవమే పునాది. గురుకులాలు తల్లిదండ్రులకు ఒక నమ్మకాన్ని నేర్పాయి: పిల్లవాడు ఇంటి దగ్గర ఉంటే చదవడు, హాస్టల్లో ఉంటే చదువుతాడు. సీట్లు కొన్ని, ఆశపడేవాళ్లు లక్షలు. మిగిలిన వాళ్ల కోసం బజారు సిద్ధమైంది.

బజారు పుట్టడానికి మూలం పరీక్షల్లో ఉంది. 1969లో పీయూసీ స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. 1980ల్లో ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లు ఎంసెట్ ర్యాంకు మీద ఆధారపడ్డాయి. పదహారు, పదిహేడేళ్ల వయసులో రాసే ఒక్క పరీక్ష కుటుంబం తలరాతను మార్చగలదన్న ఆశ పల్లెల దాకా పాకింది. నెల్లూరులో పి. నారాయణ 1979లో ట్యూషన్లతో మొదలుపెట్టారు. విజయవాడలో డాక్టర్ బి.ఎస్. రావు దంపతులు 1986లో బాలికల జూనియర్ కాలేజీగా శ్రీచైతన్యను ప్రారంభించారు. గుంటూరు, విజయవాడల్లో రాటుదేలిన రెసిడెన్షియల్ కాలేజీ పద్ధతి తర్వాత హైదరాబాద్‌కు వచ్చింది. ఈలోగా నగరంలో చుక్కా రామయ్య నల్లకుంటలో ఐఐటీ కోచింగ్‌కు పేరు తెచ్చారు. నల్లకుంట నుంచి దిల్‌సుఖ్‌నగర్ ఎంతో దూరం కాదు.

ఆ పద్ధతికి దిల్‌సుఖ్‌నగర్ ఎందుకంత అనువుగా కుదిరిందో తెలియాలంటే నేల సంగతి చూడాలి. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే ఆయన మలక్‌పేట అవతల తనకున్న సాగుభూమిని ఇళ్ల స్థలాలుగా అమ్మడంతో ఈ పేట పుట్టి, ఆయన పేరే నిలిచింది. ఎల్‌బీ నగర్‌కు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఉద్యోగుల కాలనీలు ఒక్కొక్కటే లేచాయి. పీ అండ్ టీ కాలనీ పేరు చెబితేనే అక్కడ మొదట ఇళ్లు కట్టుకున్నది ఎవరో తెలిసిపోతుంది. ఇవి నగరపాలక సంస్థలో చేరింది చాలా ఆలస్యంగా: గడ్డిఅన్నారం, ఎల్‌బీ నగర్ 2007 దాకా వేరు వేరు మున్సిపాలిటీలు. స్థలం చవక, ఇల్లు సొంతం, పిల్లలు పెద్దవాళ్లై వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. కింద తాము ఉండి, పైన రెండు మూడు అంతస్తులు వేసి హాస్టల్‌కు ఇవ్వడం రిటైరైన ఉద్యోగికి పింఛనుకు తోడైన ఆదాయం. రేకుల షెడ్డులో వంట, డాబా మీద నీళ్ల ట్యాంకు, మెట్ల కింద వార్డెన్ మంచం. ఇంటిని హాస్టల్‌గా మార్చడానికి అంతకుమించి కావలసిందేమీ లేకపోయింది.

రోడ్డు మిగతా పని చేసింది. సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ వైపు బస్సులన్నీ ఎల్‌బీ నగర్ మీదుగానే నగరంలోకి వస్తాయి. నాగార్జునసాగర్, దేవరకొండ రోడ్డు కూడా ఇక్కడే కలుస్తుంది. 1986లో జాంబాగ్ నుంచి పండ్ల మార్కెట్ కొత్తపేటకు మారింది. బత్తాయి లోడుతో వచ్చే నల్గొండ రైతుకు ఈ వీధులు అప్పటికే తెలుసు. తెలిసిన చోట పిల్లను చేర్పిస్తే పండ్లు అమ్మడానికి వచ్చినప్పుడు చూసి వెళ్లగలిగేవాడు. చదువుల చరిత్రలు సాధారణంగా వ్యవస్థాపకుల పేర్లతో నడుస్తాయి. దిల్‌సుఖ్‌నగర్ చరిత్రలో మాత్రం బస్సు స్టాపు, పండ్ల మార్కెట్ వాళ్లకంటే తక్కువ పని చేయలేదు.

జూన్‌లో ఇక్కడ దిగే పదిహేనేళ్ల పిల్ల వెంట తండ్రి, ఒక ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, బకెట్టు, ఆవకాయ సీసా ఉండేవి. తర్వాత ట్రంకు పెట్టె స్థానంలో సూట్‌కేసు వచ్చింది. ఆవకాయ అలాగే ఉంది, మెస్ కూర సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి. గదిలో నలుగురి నుంచి ఎనిమిది మంది, వేలాడే బట్టల మధ్య వరుస మంచాలు. తెల్లవారుజామున లేచి స్టడీ అవర్, టిఫిను, కాలేజీ, సాయంత్రం కాసేపు విరామం, మళ్లీ రాత్రి స్టడీ అవర్. వారాంతంలో పరీక్ష, దాని మార్కుల ప్రకారం సెక్షన్ మార్పు. పై సెక్షన్ నుంచి కిందికి దిగడం పిల్లలకు పరువు పోయినంత పని. ఔటింగ్ నెలలో ఒకటి రెండు ఆదివారాలు. బయట తిండి, సినిమా, ఇంటికి ఫోన్ అన్నీ ఆ కొన్ని గంటల్లోనే. సెల్‌ఫోన్లు రాకముందు రూపాయి కాయిన్ బాక్స్ ముందు సాయంత్రాలు క్యూ కట్టేవారు. వెనక నిలబడ్డవాళ్లు తొందరపెడుతుంటే ఇంటి మీద బెంగను ఒక్క రూపాయిలో చెప్పేయాలి.

ఆడపిల్లల హాస్టళ్లలో గేటు త్వరగా మూసేవారు. ఎవరు చూడటానికి వచ్చినా రిజిస్టర్లో సంతకం తప్పదు. ఈ కట్టుబాట్లు పిల్లలకు ఊపిరాడనివ్వకపోయినా, కూతుర్ని పట్నం పంపడానికి తండ్రిని ఒప్పించింది కూడా ఇవే. పల్లెల్లోని ఎన్నో కుటుంబాల్లో తొలి ఇంజనీరు, తొలి నర్సు, తొలి ఉపాధ్యాయురాలు ఇలాంటి గేటు వెనక నుంచి వచ్చినవారే.

వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది భాష. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు ఇంటర్ మొదటి సంవత్సరంలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం హఠాత్తుగా ఇంగ్లిషులో ఎదురవుతాయి. బలం, వేగం, త్వరణం అని నేర్చుకున్నదాన్నే కొత్త పేర్లతో మళ్లీ నేర్చుకోవాలి. మొదటి మూడు నెలలు అర్థంకాక బట్టీపట్టే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. 1918లో ఉర్దూ ముందు నిలబడ్డ కుర్రాడి స్థితికీ దీనికీ పెద్ద తేడా లేదు. కాకపోతే అప్పటి హాస్టల్ అతనికి తెలుగు గ్రంథాలయం ఇచ్చింది. ఇప్పటి హాస్టళ్లలో గ్రంథాలయం అరుదు.

ఒత్తిడి మూల్యం ప్రభుత్వం దృష్టికి వచ్చింది కూడా. ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యల తర్వాత 2001లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నీరదా రెడ్డి కమిటీని నియమించింది. చదువు గంటలు, సెలవులు, వసతుల మీద ఆంక్షల గురించి అప్పుడు మొదలైన చర్చ మళ్లీ మళ్లీ కొత్త కమిటీల రూపంలో తిరిగొచ్చింది. నివేదికలు పెరిగినంతగా ఆటస్థలాలు పెరగలేదు.

2000ల తర్వాత విదేశాల్లో స్థిరపడ్డ తెలుగువారు పిల్లలను ఇక్కడి చదువుకు పంపాలనుకుంటే వాళ్ల చూపు ఎక్కువగా నగరం పడమటి శివార్లలోని ఇంటర్నేషనల్ స్కూళ్ల మీద పడింది. తూర్పు వైపు జిల్లాల పిల్లలకే మిగిలింది. అయితే ఇంటర్ కోసం ఇక్కడికి వచ్చిన పిల్లలు ఇంజనీరింగ్ పూర్తయ్యాక మళ్లీ ఇవే వీధుల్లో జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌లకు చేరతారు. కాలేజీ బోర్డుల పక్కనే విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డులు వేలాడతాయి. నకిరేకల్ నుంచి న్యూజెర్సీకి పోయే దారిలో దిల్‌సుఖ్‌నగర్ ఒక మజిలీ అయింది.

పేట జనసమ్మర్దమే ఒకసారి దానికి శాపమైంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర బస్టాపు, మిర్చి బండ్లు, టిఫిన్ సెంటర్ల మధ్య రెండు బాంబులు పేలి 18 మంది చనిపోయారు. హాస్టల్ పిల్లలు స్టడీ అవర్‌కు ముందు బయటికి వచ్చే వేళ అది. మృతుల్లో, క్షతగాత్రుల్లో ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చినవారూ ఉన్నారు. కొన్ని రోజులపాటు తల్లిదండ్రులు పిల్లలను ఇళ్లకు తీసుకుపోయారు. పరీక్షలు దగ్గరపడగానే గదులు మళ్లీ నిండాయి.

గదులు నిజంగా ఖాళీ అయింది 2020 మార్చిలో. లాక్‌డౌన్ ప్రకటించగానే నగరంలో చాలామంది హాస్టల్ యజమానులు వంట ఆపి ఖాళీ చేయమన్నారు. ఊరెళ్లేందుకు పత్రాల కోసం యువత పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరింది. పత్రం చేతపట్టి విజయవాడ రోడ్డు మీద బయల్దేరిన వాళ్లు ఆంధ్రప్రదేశ్ సరిహద్దు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి ఆగిపోయారు. ప్రభుత్వం జోక్యం చేసుకుని హాస్టళ్లు ఖాళీ చేయించవద్దని ఆదేశించాల్సి వచ్చింది. ఆన్‌లైన్ పాఠాలతో ఆ తర్వాత చాలా నెలలు టులెట్ బోర్డులు వేలాడాయి.

అంతకుముందే, 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో రైలు నడవడంతో నగరం అవతలి కొసన చదివేవాళ్లూ, పనిచేసేవాళ్లూ ఇక్కడ గది తీసుకోవడం సులువైంది. పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయింది. మంచాల కోసం ఇప్పుడు ఇంటర్ పిల్లలతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పోటీ పడుతున్నారు. హాస్టల్‌కు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది నగరపాలక సంస్థ, కాలేజీకి గుర్తింపు ఇచ్చేది ఇంటర్ బోర్డు, ఇల్లు అద్దెకిచ్చేది ఇంకొకరు. సర్వేల్ గురుకులంలో పిల్లవాడికి జ్వరమొస్తే ఎవరిని అడగాలో తండ్రికి తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ ప్రశ్నకు నేటికీ ఒక్క జవాబు లేదు.