నూనె చుక్క, మందు బిళ్ళ: కూడిక సరిచూద్దాం

రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో బిల్లులు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. చదివింది బి.కాం. కాబట్టి వైద్యం చెప్పను. కానీ ఎవరైనా అంకె చూపిస్తే దానికి ఓచరు ఉందా అని అడగడం అలవాటు. "లవంగ నూనెతోనో, వాము నూనెతోనో కలిపి వాడితే యాంటీబయోటిక్ సగం చాలు" అనే మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది. దీనికి ఓచరు ఉందా?

ముందు జమ వైపు చూద్దాం. 1719లో జర్మనీలో కాస్పర్ న్యూమన్ థైమ్ మొక్క నూనె నుంచి థైమాల్‌ను వేరుచేశాడు. మన వాములో ఉన్నదీ అదే. 1887లో పాశ్చర్ సహచరుడు షాంబర్లాండ్ మొక్కల నూనెలను ఆంత్రాక్స్ సూక్ష్మజీవి మీద పరీక్షించాడు. 1914కు ముందు మన దేశపు వాము జర్మనీకి వెళ్ళి అక్కడ థైమాల్‌గా మారేది. 1920లలో ఆస్ట్రేలియాలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్, టీ ట్రీ నూనె కార్బాలిక్ ఆమ్లం కంటే పది రెట్లకు పైగా శక్తి గలదని తేల్చాడు.

మరి ఇవి ఎందుకు వెనకబడ్డాయి? మందుల కంపెనీల కుట్ర అంటారు కొందరు. అసలు కారణం వేరు. ఈ నూనెలు సూక్ష్మజీవి పొరను చెడగొడతాయి, మోతాదు పెరిగితే మన కణాలనూ వదలవు. పైపూతకు సరే, రక్తంలోని జబ్బుకు పనికిరావు. 1941లో మనుషులకు ఇచ్చి చూసిన పెనిసిలిన్ ఆ పని చేసింది. 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్ వచ్చింది కూడా మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలు నడిపించిన లెడర్లీ సంస్థ నుంచే.

ఇక కూడిక సంగతి. ప్రయోగశాలలో దీనికి ఒక లెక్క ఉంది. ఒంటరిగా 8 పాళ్ళు కావలసిన మందు, నూనె తోడుంటే 2తో సరిపోయిందనుకోండి: 2/8, అంటే 0.25. నూనె కూడా అలాగే 4 నుంచి 1కి తగ్గితే మరో 0.25. మొత్తం 0.5. అంతకు మించకపోతేనే "ఒకదానికొకటి బలం" అంటారు. మొత్తం 1 వస్తే ఉత్త కూడికే. చాలా నూనెలు గాజు పళ్ళెంలో ఈ పరీక్ష నెగ్గాయి, కాదనను. కానీ యాంటీబయోటిక్‌ను మైక్రోగ్రాముల్లో కొలిస్తే, నూనెను తరచుగా మిల్లీగ్రాముల్లో కొలవాలి. అంత నూనె రక్తంలో నిలవాలంటే మనిషి నిలవడు.

మనుషుల మీద చేసిన పరీక్ష ఒకటి చూద్దాం. 2004లో ఇంగ్లండులో, మొండి స్టాఫ్ సూక్ష్మజీవిని ముక్కులోంచి తొలగించడంలో మ్యుపిరోసిన్ పూతకు 78 శాతం, టీ ట్రీ పూతకు 47 శాతం ఫలితం వచ్చింది. ఇది పోటీయే, కూడిక కాదు. అయినా గాజు పళ్ళెం కథ మనిషి దగ్గర మారుతుందని తెలుస్తుంది.

కూడిక అసాధ్యమా? కాదు. అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన బిళ్ళ 1981లో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చి నేటికీ వాడుకలో ఉంది. కొలిచిన మోతాదు, రోగులపై పరీక్షలు: అదీ ఓచరు.

మా కాలనీలో మధుమేహం ఉన్న ఒక పెద్దాయన, కాలి పుండుకు డాక్టరు రాసిన బిళ్ళను సగానికి విరిచి, మిగతా సగానికి బదులు నూనె రాశారు. చివరికి రెండు వేళ్ళు తీసేశారు. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. కానీ చాలీచాలని మోతాదులో సూక్ష్మజీవులు మందును తట్టుకోవడం నేర్చుకుంటాయని 1945లోనే ఫ్లెమింగ్ నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించాడు. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12.7 లక్షల ప్రాణాలు తీసిందని అంచనా.

పరిశోధకులు నూనెలను పరీక్షిస్తున్నారు, పరీక్షించాలి కూడా. అది తేలేదాకా బిళ్ళను విరవకండి. ఎవరైనా విరవమంటే, ఎంత మోతాదు, ఎంతమంది రోగులు, ఎక్కడ అచ్చయింది అని మూడు ప్రశ్నలు అడగండి.