రెండు చెరకు దీవులు, రెండు గడియారాలు

హైదరాబాదులో ఉదయం ఆరు గంటలయ్యేసరికి మారిషస్‌లో ఇంకా నాలుగున్నరే. ఫిజీలో అప్పటికే మధ్యాహ్నం పన్నెండున్నర. రెండు దేశాల గడియారాలకూ ఎనిమిది గంటల ఎడం. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతిని మారిషస్ 2008-09లో ఒక వేసవి పాటించి వదిలేసింది. ఫిజీ కొన్నేళ్లు పాటించి మానేసింది. కాబట్టి ఇప్పుడు ఏడాది పొడవునా లెక్క ఇదే.

ఫిజీకి గంటల కంటే తేదీతోనే పెద్ద చిక్కు వచ్చింది. 180 డిగ్రీల రేఖాంశం ఆ దేశంలోని తవేయుని ద్వీపం మీదుగా పోతుంది. లెక్క ప్రకారం రేఖకు పడమట ఆదివారమైతే తూర్పున శనివారం కావాలి. దేశమంతటికీ ఒకే తేదీ ఉండాలని 1879లో బ్రిటిష్ వలస ప్రభుత్వం చట్టం చేసింది. అంతర్జాతీయ తేదీ రేఖ నేడు ఫిజీని తప్పించుకుంటూ తూర్పుగా వంగి సాగుతుంది.

ఆ 1879లోనే, మే నెలలో, కలకత్తా నుంచి లియోనిడాస్ ఓడ తొలి భారతీయ కూలీలను ఫిజీకి చేర్చింది. దీని వెనుక మారిషస్ అనుభవం ఉంది. 1874లో బ్రిటన్ చేతికి వచ్చిన ఫిజీకి మరుసటి ఏడు గవర్నరుగా వచ్చిన ఆర్థర్ గోర్డన్, అంతకుముందు మారిషస్‌ను పాలించినవాడు. అక్కడ బానిసత్వం 1835లో రద్దయింది. ఆ చెరకు తోటలను ఒప్పందం మీద వచ్చిన భారతీయులే నిలబెట్టారు. ఫిజీయుల భూములు అమ్ముడుపోకూడదని, వాళ్లను ఊళ్లు విడిపించి తోటల్లోకి తోలకూడదని గోర్డన్ పట్టుబట్టాడు. మంచి నిర్ణయమే. కానీ ఖజానాకు చెరకు రాబడి కావాలి, చెరకుకు చేతులు కావాలి. ఒక జాతిని కాపాడిన పాలన ఆ బరువును మరో జాతి భుజాలకెత్తింది. ఐదేళ్ల గిర్మిట్ (కూలీ ఒప్పందం) మీద 1916 వరకు దాదాపు అరవై వేల మంది వచ్చారు. మిగిలిన ఒప్పందాలు 1920లో రద్దయ్యాయి.

మద్రాసు మీదుగా కూలీలను తేవడం 1903లో గానీ మొదలు కాలేదు. తెలుగువాళ్లు ఎక్కువగా వచ్చింది అప్పుడే. ఆలస్యంగా, తక్కువ సంఖ్యలో వచ్చి, ఫిజీ హిందీ మాట్లాడే కూలీల నివాస లైన్లలో చెదిరిపోవడంతో తర్వాతి తరాల్లో తెలుగు పలచబడింది. మారిషస్‌కు కోరంగి వంటి రేవుల నుంచి తెలుగువాళ్లు చాలా ముందే చేరారు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం, బడుల్లో తెలుగు పాఠాలు ఉన్నాయి. పూర్వీకుల ఆనవాళ్లు వెతికే తెలుగు యాత్రికుడికి మారిషస్‌లోనే ఎక్కువ దొరుకుతాయి. కూలీలు దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ 2006 నుంచి యునెస్కో వారసత్వ స్థలం.

ప్రయాణ సౌఖ్యంలోనూ మొగ్గు మారిషస్‌కే. ముంబై నుంచి నేరుగా ఆరేడు గంటల విమానం. గంటన్నర తేడా నిద్రను పెద్దగా చెడగొట్టదు. గంగా తలావ్ సరస్సు, షామరెల్ రంగుమట్టి దిబ్బలు, ల మోర్న్ కొండ అన్నీ ఒకే దీవిలో కారు దూరంలో ఉంటాయి.

ఫిజీకి సింగపూరులోనో సిడ్నీలోనో విమానం మారాలి. తూర్పుకు ఆరున్నర గంటలు ముందుకు జరగడంతో మొదటి రెండు మూడు రోజులు రాత్రి నిద్ర పట్టదు. ముక్కుతూ మూలుగుతూ వారం సెలవుకు పోవాల్సిన చోటు కాదిది. వ్యవధి ఉన్నవాళ్లకు మాత్రం మారిషస్‌లో దొరకనిది ఇక్కడ ఉంది. మూడు వందలకు పైబడిన దీవుల్లో మూడింట రెండొంతులు నిర్జనం. యసావా, మమనూకా దీవులను పడవల్లో చుట్టవచ్చు. పల్లెల్లో యంగోనా పానీయపు గిన్నె చుట్టూ కూర్చునే ఆనవాయితీ నేటికీ సజీవం. పాత రాజధాని లెవూకా, నాండీలోని శివసుబ్రహ్మణ్య ఆలయం కూడా చూడదగ్గవే. తవేయునిలో 180 డిగ్రీల గుర్తు దగ్గర ఫొటో దిగనివారు అరుదు. నాండీలో రాత్రి విమానమెక్కి లాస్ ఏంజలిస్‌లో దిగితే, అక్కడ అదే తేదీ, ఇంకా పగలే.

తుపాన్ల కాలం రెండు చోట్లా నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. మే నుంచి అక్టోబరు మధ్య చల్లగా, పొడిగా ఉంటుంది. తెలుగు రాష్ట్రాల బడులకు వేసవి సెలవులున్న మే నెల అందులోనే పడుతుంది.