‘వరవిక్రయం’: రంగస్థలం నుంచి టాకీకి

తొలినాటి తెలుగు టాకీలను ‘తెరకెక్కిన నాటకాలు’ అని తేలికగా తీసివేయడం విమర్శలో పరిపాటి. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ మొదలుకొని మన చిత్రాలు చాలావరకు రంగస్థలం మీద ఆధారపడిన మాట నిజమే. అయితే ఆ ఆధారం అన్నిచోట్లా ఒకే ఫలితమివ్వలేదు. 1939లో సి. పుల్లయ్య కలకత్తాలోని ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి తీసిన ‘వరవిక్రయం’ ఇందుకు చక్కని నిదర్శనం.

ఈ సమస్య మనకే ప్రత్యేకమైనది కాదు. ఫ్రాన్సులో 1931లో జాఁ రెన్వార్ తన తొలి శబ్దచిత్రానికి ఫేదో రాసిన ప్రహసనాన్ని ఎన్నుకున్నాడు. అదే ఏడు మార్సెల్ పాన్యోల్ నాటకం ‘మారియుస్’ తెరకెక్కింది. మాట్లాడే సినిమా నాటకాన్ని భద్రపరచి పదిమందికీ చేర్చే సాధనమని పాన్యోల్ వాదించాడు. నాటకానికి కొత్తగా ఏమి కలిసిందన్న ప్రశ్నకు ఆ వాదంలో చోటు తక్కువ.

కాళ్ళకూరి నారాయణరావు నాటకాలలో ‘చింతామణి’ వేశ్యాలోలతను, ‘మధుసేవ’ తాగుడును ఎండగడితే, ‘వరవిక్రయం’ కట్నాన్ని లక్ష్యంగా చేసుకుంది. ఇందులో హాస్యమంతా వరుని తండ్రి, పరమలోభి అయిన సింగరాజు లింగరాజు చుట్టూ అల్లుకున్నది. తెరపై ఆ పాత్ర ధరించినవారు ‘సత్యహరిశ్చంద్రీయము’ కర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం. చిత్రరచన కూడా వారిదే. నాటకకర్తే నటుడు కావడం గమనార్హం. రంగస్థలంపై లోభి గొణుగుడు సైతం చివరి వరుస ప్రేక్షకునికి వినిపించేంత గట్టిగా పలకాలి. లోభి గట్టిగా అరిస్తే లోభత్వమేముంది? మైకు ఆ నిర్బంధాన్ని తొలగించింది. లెక్కలు తనలో తాను వేసుకొనే పాత్రకు ఇది చిన్న సౌలభ్యం కాదు.

అంతకన్నా ముఖ్యమైన మార్పు స్త్రీపాత్రలలో వచ్చింది. స్థానం నరసింహారావు వంటి మహానటులు స్త్రీపాత్రలకు ప్రాణం పోసిన రంగస్థల సంప్రదాయం మనది. ఆ నైపుణ్యాన్ని చూసి ప్రేక్షకుడు ఆనందించేవాడు. ఆ ఆనందంలోనే పాత్రకూ ప్రేక్షకునికీ నడుమ కొంత ఎడముండేది. చిత్రంలో కాళింది పాత్రతో భానుమతి తెరకు పరిచయమయ్యారు. కమలగా పుష్పవల్లి నటించారు. భానుమతి 1925లో, పుష్పవల్లి 1926లో జన్మించారు. అంటే చిత్రం విడుదలయ్యేనాటికి ఇద్దరూ పదమూడు, పద్నాలుగేళ్లవారు. 1929 నాటి శారదా చట్టం బాలికల కనీస వివాహ వయస్సుగా నిర్ణయించినది పద్నాలుగేళ్లే.

తండ్రికి కట్నభారం కాకూడదని కాళింది ప్రాణం తీసుకుంటుంది. నాటకంలో ఇది కరుణరసానికి పట్టు. తెరపై ఆ చావు నిజంగానే ఒక పసిపిల్లది. అప్పటిదాకా లింగరాజు పిసినారితనానికి నవ్విన ప్రేక్షకుడు ఆ నవ్వును ఎక్కడ దాచుకోవాలి? హాస్యం ఇక్కడ ఊరటగా మిగలదు, అభియోగంగా మారుతుంది. చెల్లెలు కమల డబ్బిచ్చి కొన్న వరుడే తన ఇంటికి రావాలని వాదించేటప్పుడు, ఆ తర్కం పెద్దల బేరసారాల భాషలోనే ఉంటుంది. పలికే గొంతు మాత్రం ఒక బాలికది. పాన్యోల్ చెప్పిన ‘భద్రపరచడం’తో ఈ వ్యత్యాసాన్ని వివరించలేము. నాటకంలోని సంభాషణ చిత్రంలోనూ సంభాషణే. మారినది దాన్ని పలికిన దేహం. వరకట్న నిషేధ చట్టం వచ్చినది ఆ తర్వాత ఇరవైరెండేళ్లకు, 1961లో.